ఈ వయసులో మీకెందుకు?

వంటింట్లో గిన్నె జారిన చప్పుడు. హాల్లోంచి కొడుకు కేక: ‘‘ఈ వయసులో స్టవ్వు దగ్గర నీకెందుకమ్మా? వచ్చి కూర్చోరాదూ!’’

మామగారు సంచీ పట్టుకుని రైతుబజారుకి బయల్దేరారు. గుమ్మంలోనే కోడలు అడ్డం: ‘‘ఎండలో మీరెందుకు మామయ్యా... ఆయన ఆఫీసు నుంచి వస్తూ తెస్తార్లెండి.’’

అమెరికా నుంచి కూతురి ఫోను: ‘‘కరెంటు బిల్లు కోసం నువ్వు వెళ్లడమేంటి నాన్నా? నేనిక్కణ్నుంచే ఆన్‌లైన్లో కట్టేస్తాగా!’’

ఇందులో చెడ్డమాట ఒక్కటీ లేదు. అన్నీ ప్రేమతో అన్నవే. వినేవాళ్లకీ మొదట్లో హాయిగానే ఉంటుంది. కొన్నాళ్లకి అమ్మ వంటింటివైపు వెళ్లడం మానేస్తుంది. సంతకం పెట్టాల్సి వస్తే నాన్న ‘అమ్మాయిని అడిగి చెబుతా’ అనడం మొదలెడతాడు. ఏడాది తిరిగేసరికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అప్పుడు మనం అనుకుంటాం, ‘చూస్తుండగానే ఎంత ముసలివాళ్లయిపోయారో’ అని.

ఆ ఆయాసంలో వయసు వాటా ఎంత, మన మాటల వాటా ఎంత? దాదాపు యాభై ఏళ్లుగా పరిశోధకులు ఈ లెక్క తేల్చే ప్రయత్నంలోనే ఉన్నారు. వాళ్లకి దొరుకుతున్న జవాబు కాస్త ఇబ్బంది పెట్టేదే. ముసలితనం ఎలా ఉంటుందని నమ్ముతామో కొంతవరకు అలాగే అనుభవిస్తాం. ఆ నమ్మకాన్ని నేర్పే మొదటి బడి మన ఇల్లే.

ఏడున్నరేళ్ల తేడా

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊరుంది. 1975లో ఆ ఊళ్లో యాభై దాటినవాళ్లని కొన్ని ప్రశ్నలడిగారు. వయసు పెరిగేకొద్దీ పరిస్థితి దిగజారుతోందనిపిస్తోందా? నిరుటి హుషారు ఇప్పుడూ ఉందా? పెద్దయ్యేకొద్దీ మనిషి పనికిరాకుండా పోతాడంటే ఒప్పుకుంటారా? జవాబులు రాసుకున్నారు. ఆ కాగితాలు అలాగే ఉండిపోయాయి.

పాతికేళ్ల తర్వాత యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన బెకా లెవీ ఆ జవాబుల్ని బయటికి తీశారు. మొత్తం 660 మందివి. వాళ్లలో ఎవరెవరు ఎప్పుడు చనిపోయారో రికార్డుల్లో వెదికి, ఆనాడు చెప్పిన జవాబుల పక్కన పెట్టి చూశారు. తమ ముసలితనం గురించి మంచి అభిప్రాయం ఉన్నవాళ్లు, లేనివాళ్లకన్నా సగటున ఏడున్నరేళ్లు ఎక్కువ బతికారు! 2002లో అచ్చయిన ఈ పరిశోధన పెద్ద సంచలనం.

వెంటనే అనుమానం రావాలి. రావడమే మంచిది. ఆరోగ్యంగా ఉన్నవాడికి ముసలితనం బాగానే కనిపిస్తుంది, మోకాళ్లు పట్టేసినవాడికి ఎందుకు కనిపిస్తుంది? డబ్బున్నవాడి వృద్ధాప్యం, లేనివాడి వృద్ధాప్యం ఒకటేనా? లెవీకీ ఈ అనుమానం వచ్చింది. అందుకే అప్పటికే ఉన్న ఆరోగ్యం, ఆర్థిక స్థితి, ఒంటరితనం లాంటివాటి ప్రభావాన్ని లెక్కలోంచి తీసేసి చూశారు. అయినా తేడా మిగిలింది. ఇలాంటి పరిశీలన ఒక్కటే దేన్నీ పూర్తిగా రుజువు చెయ్యదు. కాకపోతే ఆ తర్వాత వేరే ఊళ్లలో, వేరే మనుషుల మీద జరిగిన అధ్యయనాల్లో కూడా దాదాపు ఇదే వరస కనబడుతూ వచ్చింది.

ముసలితనం జీవోతో వస్తుందా?

అసలు ముసలితనం ఎప్పుడు మొదలవుతుంది? మనకి అలవాటైన జవాబు ‘రిటైరయ్యాక’. ఆ జవాబుకున్న బలమెంతో చూడండి. ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యాక 1983లో ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంటు వయసుని 58 నుంచి 55కి తగ్గించారు. తెల్లారేసరికి ఎంతోమంది ‘పెద్దవాళ్లు’ అయిపోయారు. తమాషా ఏమిటంటే అప్పుడు ఎన్టీఆర్ వయసు 59. అంతకుముందు ఏడాదే పార్టీ పెట్టి, చైతన్యరథమెక్కి ఊరూరా తిరిగి, కొత్త జీవితం మొదలుపెట్టిన మనిషి!

తర్వాత అది మళ్లీ 58 అయింది. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62 చేశారు. తెలంగాణలో 2021లో 61 చేశారు. అంటే ఒకేరోజు పుట్టిన ఇద్దరు గుమాస్తాల్లో హైదరాబాద్‌లో ఉన్నాయనకి శాలువా కప్పి, దండేసి ఇంటికి పంపించేశాక కూడా విజయవాడలో ఉన్నాయన మరో ఏడాది ఫైళ్లు చూస్తాడు. ఒంట్లో ఉన్న రక్తం మాత్రం ఇద్దరిదీ ఒకే వయసుది.

మన పాత లెక్క వేరుగా ఉండేది. ప్రభవ నుంచి అక్షయ దాకా తెలుగు సంవత్సరాలు అరవై. అరవై నిండిన మనిషికి తను పుట్టిన సంవత్సరం పేరు మళ్లీ ఎదురవుతుంది. చక్రం తిరిగి మొదటికొచ్చిందని అర్థం. అందుకే షష్టిపూర్తికి మళ్లీ పెళ్లిపీటలు, మళ్లీ తలంబ్రాలు, మళ్లీ మంగళసూత్రం. అక్కడితో ఆగారా? వెయ్యి పున్నములు చూసినవాళ్లకి సహస్ర చంద్ర దర్శనం చేస్తారు. వెయ్యి పున్నములంటే ఇంచుమించు 81 ఏళ్లు. అరవైని ముగింపుగా చూసినవాళ్లు పెట్టిన వేడుకలు కావివి.

ఇప్పుడు అదే పందిట్లో అక్షతలు వేసిన చేత్తోనే చుట్టాలు చెప్పే మాట: ‘‘బాధ్యతలన్నీ తీరాయి కదా బావగారూ! ఇక కృష్ణా రామా అనుకుంటూ కూర్చోండి.’’

కృష్ణా రామా అనడంలో ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా ఆ ‘కూర్చోండి’ దగ్గరే.

కూర్చోబెడితే ఏమవుతుంది?

1966లో అమెరికాలోని డాలస్ నగరంలో అయిదుగురు కుర్రాళ్లని మూడు వారాలపాటు మంచం దిగనివ్వకుండా ఉంచారు. అందరూ ఇరవై ఏళ్లవాళ్లు, ఆరోగ్యవంతులు. మూడు వారాలయ్యాక పరీక్షిస్తే, గట్టిగా పనిచేసేటప్పుడు ఒంటికి ఆక్సిజన్ అందించే శక్తి నాలుగోవంతుకు పైగా పడిపోయింది. కథ ఇక్కడితో ఆగలేదు. ముప్ఫై ఏళ్ల తర్వాత, 1996లో, ఆ అయిదుగుర్నే మళ్లీ పిలిచారు. ఇప్పుడు వాళ్లకి యాభై. కొందరికి పొట్టలొచ్చాయి. అయినా ముప్ఫై ఏళ్ల వయసు చేసిన నష్టం, ఆనాటి మూడు వారాల మంచం చేసిన నష్టంకన్నా తక్కువే అని తేలింది. ఆరునెలలు నడక, నెమ్మదిగా పరుగు, సైకిలు లాంటి వ్యాయామాలు చేయించాక ఆ శక్తి వాళ్ల ఇరవైల నాటి స్థాయికి చేరింది కూడా.

ఇరవైల్లో పడుకోబెడితేనే ఇలా ఉంటే డెబ్భైల్లో సంగతేమిటి? జ్వరమొచ్చి వారం మంచాన పడ్డ పెద్దాయన తర్వాత లేచి నడవలేకపోవడం మనం ఎన్ని ఇళ్లలో చూడలేదు? ‘జ్వరం తీసేసింది’ అంటాం. జ్వరం సగం తీసింది. ‘లేవకండి, అన్నీ మంచం దగ్గరికే తెస్తాం’ అన్న సేవ మిగతా సగం తీసింది.

మరి తొంభై ఏళ్లకి పోయిన కండ తిరిగొస్తుందా? 1990లో డాక్టర్ మరియా ఫియటరోనె బృందం బోస్టన్‌లోని ఓ వృద్ధుల కేంద్రంలో ఈ సంగతే పరీక్షించింది. సగటు వయసు తొంభై. అందరూ బలహీనంగా ఉన్నవాళ్లే. పదిమంది మొదలుపెట్టారు, తొమ్మిదిమంది చివరిదాకా ఉన్నారు. ఎనిమిది వారాలపాటు కాళ్లకి బరువులు కట్టి, నిపుణులు పక్కనుండి, కొంచెం కొంచెంగా పెంచుతూ ఎత్తించారు. కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది! ఇద్దరు చేతికర్ర వదిలేశారు. ఆ తర్వాత శిక్షణ ఆపేశారు. నాలుగు వారాల్లోనే ఆ బలంలో మూడోవంతు దాకా పోయింది.

ఇది చదివి రేపు పొద్దున్నే తాతయ్య చేతిలో డంబెల్స్ పెట్టమని కాదు. డాక్టర్ని అడక్కుండా అలాంటి పని చెయ్యకూడదు. ఇక్కడ చూడాల్సింది ఇంకోటి ఉంది. ఆ ప్రయోగం జరిగేదాకా తొంభై ఏళ్లవాళ్లచేత అంత బరువులు ఎత్తించి చూడాలని ఎవరికీ పెద్దగా తోచలేదు. ఎందుకు తోచలేదంటే, ‘ఆ వయసులో ఎందుకులే!’

తాళాలు ఎక్కడ పెట్టాను?

ముప్ఫై ఏళ్ల మనవడు బండి తాళాలు ఎక్కడో పెట్టి మర్చిపోతాడు. ‘పాపం, పని ఒత్తిడి’ అంటాం. డెబ్భై ఏళ్ల అమ్మమ్మ బీరువా తాళాలు మర్చిపోతుంది. ‘వయసు’ అంటాం. అమ్మమ్మ కూడా అదే అనుకుంటుంది. ఇక ప్రతి చిన్న మతిమరుపూ ఆవిడకి ఒక సాక్ష్యం. పక్కింటావిడ పేరు గుర్తు తెచ్చుకునేలోపే ‘నాకు గుర్తుండదులే’ అన్న భయం ముందొచ్చి కూర్చుంటుంది. ఆ కంగారులో తెలిసిన పేరు కూడా నోటికి రాదు. పరీక్ష హాల్లో పిల్లలకి జరిగేది ఇదే కదా! మనసుకి పట్టిన భయం ఒంట్లో ఒత్తిడిని పెంచుతుంది. ‘నావల్ల కాదు’ అనుకున్న పనిని మనిషి ప్రయత్నించడు, ప్రయత్నించని పని నిజంగానే చేతకాకుండా పోతుంది. అభిప్రాయం ఒంట్లోకి దిగేది ఈ దారుల్లోనే.

ఈ అభిప్రాయం అరవై దాటాక వచ్చేది కాదు. బెకా లెవీ బృందమే 2009లో బాల్టిమోర్ అధ్యయనం మీద మరో వ్యాసం వేసింది. యాభైలోపు వయసులో ఉండగానే ‘ముసలివాళ్లంటే చేతకానివాళ్లు’ అన్న అభిప్రాయం ఉన్నవాళ్లు ఎవరు, లేనివాళ్లు ఎవరు అని చూసి, తర్వాతి ముప్ఫై ఏళ్లలో వాళ్ల గుండె సంగతి గమనించారు. చెడు అభిప్రాయం ఉన్నవాళ్లలో 25 శాతం మందికి గుండెజబ్బు, పక్షవాతం లాంటివి వచ్చాయి. మంచి అభిప్రాయం ఉన్నవాళ్లలో 13 శాతం మందికే. పెద్దవాళ్లని మనం ఎలా చూస్తున్నామో అదే రేపు మనకి ఎదురొస్తోందన్నమాట.

మన పిల్లలకి ఏం వినిపిస్తున్నాం? సినిమాలో బామ్మ ఉంటే చెవుడుండాలి, నవ్వించడానికి. తాతయ్య ఉంటే దగ్గుతుండాలి, లేదా గోడమీద ఫొటోలో ఉండాలి. ‘ఊరు పొమ్మంటోంది కాడు రమ్మంటోంది’ అన్న సామెత పెద్దవాళ్లే తమ మీద వేసుకుంటారు. అరవైలో చీరలో కాస్త ముదురు రంగు కనిపిస్తే ‘ఈ వయసులో ఈ రంగేంటి’ అని ముందుగా అనేది మరో అరవైయేళ్ల ఆవిడే!

మొక్కకి నీళ్లెవరు పొయ్యాలి?

1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని కనెటికట్‌లో ఓ వృద్ధాశ్రమంలో చేసిన ప్రయోగం ఇది. ఆశ్రమంలో ఒక అంతస్తులో ఉన్నవాళ్లని నిర్వాహకుడు పిలిచి చెప్పాడు: మీ గది ఎలా సర్దుకోవాలో మీరే నిర్ణయించుకోండి, సినిమా చూస్తారో లేదో, చూస్తే ఏ రోజు చూస్తారో మీ ఇష్టం, ఇదిగో ఒక మొక్క, దీన్ని చూసుకోవడం మీ పని. ఇంకో అంతస్తులో వాళ్లకీ మొక్కలిచ్చారు, సినిమా వేశారు, గదులు సర్దారు. అన్నీ సిబ్బందే చూసుకుంటారని, మొక్కకి నీళ్లు నర్సులు పోస్తారని చెప్పారు. తిండి అదే, మందులు అవే, మర్యాద అదే.

మూడు వారాల తర్వాత, ఎవరికి ఏం చెప్పారో తెలియని నర్సుల్ని అడిగి లెక్క తీశారు. సొంత బాధ్యత అప్పగించినవాళ్లలో 93 శాతం మందిలో మెరుగుదల కనిపించింది. ‘అన్నీ మేం చూసుకుంటాం’ అనిపించుకున్నవాళ్లలో 71 శాతం మంది మునుపటికన్నా నీరసించారు. ఏడాదిన్నర తర్వాత మళ్లీ చూస్తే మరణాలు కూడా మొదటి అంతస్తులో తక్కువే. అయితే ఆ మరణాల లెక్కలో గణాంకాల పొరపాటు దొర్లిందని తర్వాత పరిశోధకులే సవరణ వేశారు. పైగా అందరినీ కలిపినా తొంభై చిల్లర మందే. కాబట్టి మొక్కకి నీళ్లు పోస్తే ఆయుష్షు పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మూడు వారాల్లో మనుషుల్లో వచ్చిన తేడాని మాత్రం తోసిపుచ్చలేం.

ఆ రెండో అంతస్తు మన ఇళ్లలాగే ఉంది కదూ! లోటేమీ లేదు. చెయ్యడానికి పనే లేదు.

మన దగ్గర దీనికి పూర్తి ఎదురు ఉదాహరణ గుంటూరు జిల్లా గుడివాడ మస్తానమ్మ. 2016లో మునిమనవడు యూట్యూబ్‌లో ఆవిడ వంటలు పెట్టడం మొదలుపెట్టాడు. పొలం గట్టున కట్టెల పొయ్యి, పుచ్చకాయలో చికెన్ కూర, చుట్టూ తినడానికి జనం. పది లక్షలకు పైగా అభిమానులు చేరారు. తనకి నూట ఆరేళ్లని చెప్పేవారు. పుట్టినతేదీ కాగితాలు అడిగితే ఆ కాలం పల్లెటూళ్లో ఎవరిస్తారు? పదేళ్లు అటూ ఇటూ అయినా ఆ వయసు తక్కువేం కాదు. 2018 డిసెంబరులో పోయారు. ఆవిడ ప్రపంచానికి తెలిసింది చివరి రెండేళ్లలోనే. ‘ఈ వయసులో పొగ దగ్గర నీకెందుకు’ అని ఆ మునిమనవడు అని ఉంటే ఆ రెండేళ్లు ఎలా గడిచేవో!

అంతా మనసులోనే ఉందా?

లేదు. ఈ మాట గట్టిగానే చెప్పుకోవాలి. మోకాళ్లలో అరిగిన మృదులాస్థికి మన ఆలోచనలతో పనిలేదు. అల్జీమర్స్ వచ్చిన మనిషికి ‘పాజిటివ్‌గా ఉండు నాన్నా’ అని చెప్పడం క్రూరత్వం. పక్షవాతం వచ్చి మంచాన ఉన్నావిడతో ‘ఫలానా ఆవిడ తొంభైల్లో కూడా పరిగెడుతోంది’ అంటే అది ధైర్యం చెప్పడం కాదు, తప్పంతా ఆవిడ మీదికి తోసెయ్యడం. డబ్బు లేక డెబ్భైల్లో కూడా వాచ్‌మన్ పని చేస్తున్న పెద్దాయనకి కావాల్సింది దృక్పథం మీద ఉపన్యాసం కాదు, పింఛను.

అసలు ఈ ‘వయసు కదా’ అన్న మాట నిజమైన జబ్బుల్ని కూడా దాచేస్తుంది. దాని అతి పెద్ద నష్టం ఇదేనేమో. నాన్న ముభావంగా ఉంటున్నాడు... వయసు కదా. కుంగుబాటేమో ఎవరూ చూడరు. అమ్మ మాటిమాటికీ మర్చిపోతోంది, ఎప్పుడూ నిద్రమత్తుగా ఉంటోంది... వయసు కదా. థైరాయిడ్ లోపమున్నా, బి12 విటమిన్ తగ్గినా అలాగే ఉంటుంది, రెండూ రక్తపరీక్షలో తెలిసేవే, మందులకి లొంగేవే. చూపు మసకైతే శుక్లాలేమో, చిన్న ఆపరేషన్‌తో పోతాయి. చెవులు వినబడకపోతే మిషను దండగ అంటాం. వినబడక, నలుగురిలో కలవలేక పెద్దవాళ్లు మూలకి చేరతారు. లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో డిమెన్షియా ముప్పు పెంచే, మనం సరిచేసుకోగల కారణాలు 14 చెప్పింది. వాటిలో వినికిడి లోపం ఒకటి, కుంగుబాటు ఒకటి, ఒంటరితనం ఒకటి, చికిత్స చెయ్యని చూపులోపం ఒకటి. ‘వయసు కదా’ అని వదిలేసేవి ఇవే.

కాబట్టి అమ్మ చేతిలో గిన్నె జారితే ముందు కళ్లు చూపించండి. వేళ్లలో పట్టు తగ్గిందేమో డాక్టర్ని అడగండి. చిన్న గిన్నె, మంచి పట్టకారు కొనండి. వంటింట్లో జారని చాప వెయ్యండి. మార్చాల్సినవి ఇన్నుండగా, అందరం ముందు మార్చేది వంటమనిషిని! పడిపోతారని భయం ఉండటం సహజం, ఆ వయసులో తుంటి ఎముక విరిగితే కష్టమే. స్నానాలగదిలో పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగిస్తే, అది ‘లేవకండి’ అన్న వంద హెచ్చరికలకన్నా బాగా కాపాడుతుంది.

ఇలా మోకాళ్ల నొప్పినీ, చెయ్యాల్సిన పనినీ రెంటినీ ఒప్పుకున్న మనిషి ఎలా ఉంటుందో చూడాలంటే ప్రొఫెసర్ చిలుకూరి శాంతమ్మ గారి సంగతి తెలుసుకోవాలి. 1929లో మచిలీపట్నంలో పుట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పి, 1989లో అరవై నిండగానే రిటైరయ్యారు. శాలువా, దండ, సన్మానం అన్నీ అయ్యాయి. ఆవిడ పాఠం చెప్పడం మాత్రం ఆపలేదు. మోకాళ్లకి ఆపరేషన్లయ్యాయి. చేతికర్రల సాయం లేకుండా నడవలేని పరిస్థితి. 2023లో, 94 ఏళ్ల వయసులో, ఆ కర్రలతోనే విశాఖపట్నం నుంచి విజయనగరం ప్రయాణం చేసి అక్కడి సెంచూరియన్ యూనివర్సిటీ పిల్లలకి క్లాసులు తీసుకుంటున్నారని పత్రికలన్నీ రాశాయి.

కృష్ణుణ్ని కూడా ఆవిడ వదల్లేదు. భగవద్గీతని ఇంగ్లిషులోకి తెచ్చి పుస్తకం వేశారు. క్లాసులో మాత్రం ఫిజిక్సే.